మొసలితోలు ఊపిరి

టైలరమ్మ పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తాక మొదట చేసే పని మిషనుకి నూనె వెయ్యడం కాదు, వెనకగదివైపు చెవి పెట్టడం. ఆ గదిలో ఇస్త్రీబల్ల పక్కన, గోడకి దిగ్గొట్టిన రెండు లావుపాటి కొక్కేలకి తోలు వేలాడుతూ ఉంటుంది. అది ఊపిరి తీస్తోందో లేదో ఒక్క నిమిషం వింటుంది. తీస్తుంది. పీల్చేటప్పుడు నెమ్మదిగా, వదిలేటప్పుడు సన్నటి పిల్లికూతతో. అది వినపడ్డాకే చెప్పులు విడిచి, లైటు వేసి, నూనెడబ్బా అందుకుంటుంది.

తోలంటే నిజం తోలు కాదు. పాత సైకిలు ట్యూబుల్ని పొలుసుల్లా కత్తిరించి, పరుపుల్లో వేసే స్పాంజి మీద ఒక్కొక్కటే అతికించి ఆవిడ చేతుల్తో చేసిన మొసలిమనిషి వేషం. పళ్ళు ప్లాస్టిక్ చెంచాల కాడలు. కళ్ళు మోటారుసైకిలు ఇండికేటర్లు. మెడ దగ్గర్నుంచి బొడ్డుదాకా, సరిగ్గా ఎదురురొమ్ము మీద, ఒక ఇత్తడి జిప్పు. ముప్పై ఏళ్ళ కింద ఆవిడ మొగుడు పదిహేడు రోజులు దాన్ని వేసుకుని ఒక సినిమాలో నటించాడు. షూటింగ్ ఆఖరిరోజు ఆయన అందులోంచి బయటికొచ్చాక కూడా తోలు ఊపిరి తీస్తూనే ఉంది. అది చూసిన ప్రొడక్షన్ మేనేజరు, "తడిగా ఉంది, మడతపెట్టకండి, ఆరనివ్వండి" అని మాత్రం అన్నాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో పిల్లికూతల ఊపిర్లు రెండు ఉండేవి. ఇరవై రెండేళ్ళ కింద మొగుడు పోయాక ఒకటి మిగిలింది.

వీధిలో అందరికీ తెలుసు. జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి "ఏంటమ్మా, ఇవాళ కూతలు ఎక్కువగా ఉన్నాయి, వాన పడుతుందేమో" అంటారు, మేడ మీది బట్టలు తీసుకోవడానికి పరిగెడతారు. పక్క క్లినిక్కులో పనిచేసే కాంపౌండరు ముసురు రోజుల్లో తనంతట తనే వచ్చి, స్టెతస్కోపు తోలు వీపు మీద ఆనించి, కళ్ళు మూసుకుని విని, "కుడివైపు కాస్త పట్టేసింది, మధ్యాహ్నం ఎండ తగలనివ్వండి" అని చెప్పి వెళ్తాడు. టైలరమ్మ అలాగే చేస్తుంది. ఆవిడకి పిల్లల్లేరు. ఆ ఊపిరి చప్పుడుకి సరిపడా మిషను తొక్కుతూ ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చింది. అది పోతే ఈ కొట్లో తను ఎందుకు కూచోవాలో ఆవిడకి తెలీదు.

ఇక ఆ సినిమా సంగతి. పేరు "శుక్రగ్రహపు మొసలిమనిషి." తీసింది ఆవిడ బావగారు, అంటే మొగుడి అన్న. గోడల మీద అంటించిన పోస్టర్లో ఎర్రరంగు కారుతూ "గర్భిణులకీ గుండెజబ్బు ఉన్నవాళ్ళకీ ప్రవేశం లేదు" అని ఉండేది. ఆడపిల్ల చిరిగిన బట్టల్తో, నోరు తెరుచుకుని. ఆ బట్టలూ ఈవిడ కుట్టినవే, చిరగాల్సినచోట వదులుగా. సినిమా మూడు రోజులు ఆడింది. గర్భిణులూ రాలేదు, గుండెజబ్బువాళ్ళూ రాలేదు, గుండె గట్టిగా ఉన్నవాళ్ళు అసలే రాలేదు. తర్వాత అందరూ మర్చిపోయారు. బావగారు తప్ప.

మరి ఈ మధ్య ఎవరో దాని రీళ్ళు బయటికి తీశారు. ఊళ్ళో ఒక పాత హాలుంది. అక్కడ ఆదివారం ఉదయం ఆటకి చెత్త సినిమాల క్లబ్బు అని ఒకటి మొదలైంది. చదువుకున్న పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, బుర్ర సరిగ్గా ఉన్నవాళ్ళే, టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళి ఈ సినిమా చూసి పడీపడీ నవ్వుతారట. ఎగిరే పళ్ళెం గిన్నెమూత. దాన్ని కట్టిన దారం తెర మీద స్పష్టంగా కనపడుతుంది. శుక్రగ్రహం ఆకాశంలో కాకి ఎగురుతుంది. సైన్యం మొత్తం నలుగురు, కెమెరా వెనకనుంచి చుట్టుతిరిగొచ్చి మళ్ళీ మళ్ళీ నడుస్తారు. శాస్త్రవేత్త పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతాడు. వీటన్నిటికీ చప్పట్లు. కానీ అసలైన గోల చివర్లో. మొసలిమనిషి చెరువులోంచి పైకి లేచి రెండు చేతులూ చాచినప్పుడు, రొమ్ము మీద జిప్పు ఎండకి తళుక్కుమంటుంది. అప్పుడు హాలంతా ఒక్క గొంతుతో "జిప్పూ" అని అరుస్తుందట.

ఆ సంగతి తెలిసిన కుర్రకారు కొట్టు ముందునుంచి పోతూ "జిప్పూ" అని అరిచి పోవడం మొదలెట్టారు. ఒకడు లోపలికి వచ్చి తోలుతో ఫొటో దిగుతానన్నాడు. టైలరమ్మ గజంబద్ద తీసుకుని వీధి మలుపుదాకా తరిమింది. ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. వాళ్ళు నవ్వేది ఆవిడ కుట్టిన జిప్పుని చూసి. ఆ జిప్పు అక్కడ ఎందుకుందో ఆవిడకి తెలుసు, పోయిన మొగుడికి తెలుసు, బావగారికి తెలుసు.

ముందు దాన్ని వెనకే కుట్టింది. సినిమా వేషాలన్నిటికీ వెనకే ఉంటుంది, చూసేవాళ్ళకి కనపడకుండా. మొదటిరోజు కొలత సరిచూడ్డానికి మొగుణ్ణి అందులోకి దించి జిప్పు వేసింది. ఆయనకి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. ఇంతలో దారం అయిపోయి ఆవిడ బజారుకి వెళ్ళింది. బావగారు "ఒరే, కదలకుండా నుంచో, వెలుతురు చూసుకోవాలి" అని తమ్ముడికి చెప్పి, భోజనం వచ్చిందని కేకేస్తే అటు వెళ్ళిపోయాడు. పెరుగన్నంలోకి వచ్చేదాకా తమ్ముడు గుర్తు రాలేదు. టైలరమ్మ తిరిగొచ్చేసరికి మొసలి నేలమీద బోర్లా పడి ఉంది, తన వీపు తనకి అందక చేతులు వెనక్కి విరుచుకుని. నలభై నిమిషాలు. ఆ సాయంత్రమే వెనక జిప్పు ఊడబెరికి ఎదురురొమ్ముకి కుట్టేసింది. "ఎవరి దయా అక్కర్లేకుండా తనే తీసుకుని బయటికి రావాలి" అంది. బావగారు గింజుకున్నాడు, బెదిరించాడు, సినిమా నాశనమైపోతుందన్నాడు. ఆవిడ చచ్చినా మార్చనంది. జిప్పు మీద కప్పుగా పొలుసుల పట్టీ ఒకటి అతికించింది. చెరువు నీళ్ళలో నాని జిగురు వదిలి ఆ పట్టీ సరిగ్గా ఆఖరి సీనులో ఊడిపోయింది. రెండోసారి తియ్యడానికి ఫిల్ము లేదు.

అది జరిగిన ఎనిమిదేళ్ళకి తమ్ముడు ఊపిరాడక పోయాడు. పోయినరోజు బావగారు ఇంటికొచ్చి, అంతమంది ముందు, "ఆ జిప్పు వెనకుంటే వీడి బతుకు ఇంకోలా ఉండేది" అన్నాడు. ఆవాళ్టినుంచి టైలరమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు.

ఏ మొహం పెట్టుకుని వచ్చాడో గానీ, బుధవారం మధ్యాహ్నం బావగారు కొట్టు మెట్లెక్కాడు. మెడలో కొత్త మఫ్లరు, కళ్ళకి నల్లద్దాలు. పదేళ్ళుగా పలకరించే దిక్కులేని మనిషిని ఇప్పుడు అందరూ సార్ అంటున్నారు, ఆ కళ మొహంలో తెలుస్తూనే ఉంది. వెంట ఒక అమ్మాయి. పెద్ద కళ్లజోడు, భుజాన సంచీ. ఆదివారం ఆటలు నడిపేది తనే. పేరు చెప్పింది గానీ టైలరమ్మ వినిపించుకోలేదు, మనసులో కళ్లజోడు అని పెట్టేసుకుంది.

"అమ్మాయ్, మా మరదలికి చెప్పు," అన్నాడు బావగారు, మరదలు మూడడుగుల దూరంలో కూచుని ఉండగానే. "వచ్చే ఆదివారం సినిమాకి ముప్పై ఏళ్ళ వేడుక. తోలు కావాలి. నేనే వేసుకుని స్టేజీ ఎక్కుతాను. తర్వాత దాన్ని హాలు ముందుగదిలో అద్దాలపెట్టెలో పెడతారు."

కళ్లజోడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆంటీ, సార్ ఏమంటున్నారంటే..."

"వినపడిందమ్మా, నాకింకా చెవుడు రాలేదు. అద్దాలపెట్టెలో దానికి గాలెలా ఆడుతుందో ఆయన్నడుగు."

"పైన బెజ్జాలు పెట్టిస్తారని చెప్పు."

"ఆయన్ని పడుకోమను అందులో, బెజ్జాలు పెట్టించుకుని."

బావగారు నల్లద్దాలు తీశాడు. "తోలు నాది. దాని మీది ప్రతి పొలుసూ నాది. తమ్ముడు సంతకం పెట్టిన కాగితం నా దగ్గరుందని చెప్పమ్మా. కావాలంటే కోర్టుకి పోదాం."

టైలరమ్మ తలెత్తకుండా మిషను తొక్కుతూనే ఉంది. ఆ కాగితం నిజమే అయి ఉంటుంది. అన్న ఏ కాగితం ముందు పెట్టినా చదవకుండా సంతకం చేసే మనిషి ఆవిడ మొగుడు. వెనకగదిలో తోలు మెల్లగా పీల్చింది, మెల్లగా వదిలింది. బావగారు అటు ఒక చూపు చూసి, "ఆ కూతలింకా పోలేదా" అని కళ్లజోడుతో అన్నాడు, తమ్ముణ్ణి చిన్నప్పుడు అన్నట్టే, విసుగ్గా.

"స్టేజీ మీద ఏం చేస్తారు సార్?" అంది కళ్లజోడు, మాట మార్చడానికి.

"జనం జిప్పూ అని అరుస్తారు కదా. అప్పుడు నేనే చేత్తో జిప్పు లాగి బయటికొస్తాను. 'ఇది మీరు నవ్వాలనే ముప్పై ఏళ్ళ కింద నేను కావాలని ముందు పెట్టించాను, సినిమా అంతా కావాలనే అలా తీశాను' అంటాను. రెండో భాగం కూడా తీయమని ఇద్దరు నిర్మాతలు తిరుగుతున్నారు. అదీ అలాగే కావాలని తీస్తాను."

మిషను ఆగింది. టైలరమ్మ సూది కింద గుడ్డవైపే చూసింది. కావాలని. తన మొగుడు వీపు అందక నేలమీద కొట్టుకున్న నలభై నిమిషాలు కావాలని. తర్వాత తలెత్తి, చాలా మర్యాదగా, కళ్లజోడుతోనే అంది. "తీసుకోమనమ్మా. కానీ ముప్పై ఏళ్ళ నాటి కుట్లు. పెద్దవయసు మనిషి, ఎక్కించుకోవడం కష్టం. ఆదివారం నేనే తీసుకొచ్చి నేనే తొడుగుతానని చెప్పు."

బావగారు ఎగాదిగా చూశాడు. ఇంత మెత్తగా ఒప్పుకుంటుందనుకోలేదు. "సరేనని చెప్పు" అని మెట్లు దిగాడు.

మర్నాడు కళ్లజోడు ఒక్కతే వచ్చింది. కుట్టడానికి ఏమీ తేలేదు. గుమ్మంలో నిలబడి వెనకగది చప్పుడు వింటూ, "నేనా సినిమా పందొమ్మిదిసార్లు చూశాను ఆంటీ" అంది.

"పందొమ్మిదిసార్లు నవ్వావన్నమాట."

"నవ్వాను. కానీ మీరనుకునే నవ్వు కాదు." అద్దాలు తీసి తుడుచుకుంది. "బాగా తీసిన సినిమాలో తీసినవాళ్ళు కనపడరు. ఇందులో ప్రతి తప్పు దగ్గరా ఎవరో ఒకరు కనపడతారు. ఆ దారం పట్టుకుని పైన ఎవరో కూచున్నారు కదా, చెయ్యి వణక్కుండా. ఆ నలుగురూ పరిగెత్తి వెనకనుంచి చుట్టుతిరిగొచ్చి, ఆయాసం కనపడకుండా మళ్ళీ నడిచారు కదా. చేతిలో ఏమీ లేకుండా అంత పెద్దది తీద్దామనుకున్నారు. నాకది చూస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. కావాలని చెత్తగా తీసేవాళ్ళు ఇప్పుడు బోలెడుమంది. అవి అయిదు నిమిషాలు చూళ్ళేం. సార్ నిన్న అన్నది నిజమేనా ఆంటీ? కావాలనే తీశారా?"

"ఆయన్నే అడుగు."

"అడిగాను. అవునన్నారు. రాత్రంతా నిద్రపట్టలేదు నాకు."

టైలరమ్మకి ఆ పిల్ల మీద మొదటిసారి కోపం కాస్త తగ్గింది. అయినా నిజం చెప్పలేదు. చెబితే ఆ పిల్ల ఆదివారం ఆట ఆపేస్తుందని భయం. ఆవిడకి ఇప్పుడా ఆట జరగాలి. "మాకూ చేతులు వణికేవమ్మా. ఆ దారం పట్టుకుంది నేనే" అని మాత్రం అంది.

శుక్ర, శని రెండు రోజులూ కొట్టు ముందు "ఆర్డర్లు తీసుకోబడవు" అని అట్ట వేలాడదీసి పని చేసింది. తోలుని బల్లమీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద మెడనుంచి నడుందాకా కొత్త జిప్పు కుట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆయన అడుగుతున్నది అదే కదా, వెనక జిప్పు. తర్వాత తోలుని తిరగేసి, ముందున్న ఇత్తడి జిప్పుకి లోపలినుంచి దబ్బనంతో నైలాను దారం వేసి పళ్ళు పళ్ళకి బిగించి కుట్టేసింది. పైనుంచి చూస్తే పాత జిప్పే. లాగితే వెంట్రుకవాసి కదలదు. దబ్బనం దిగినప్పుడల్లా తోలు ఊపిరి ఆగి, మళ్ళీ మొదలయ్యేది. "కాస్త ఓర్చుకోండి" అంది మొగుడితో అన్నట్టే. ఆవిడకి కావలసింది ఒక్కటి. ఆయన లోపల ఇరుక్కోవాలి, జనం ఆయన్ని చూసి నవ్వాలి, ఆయన నిజం ఒప్పుకునేదాకా వీపు మీది జిప్పు తీసే చెయ్యి తనదొక్కటే కావాలి.

ఆదివారం పొద్దున పది గంటలకి హాలు కిటకిటలాడిపోయింది. టైలరమ్మ తెర పక్కనున్న సందులో, చీకట్లో, మెడలో టేపు, నడుముకి కత్తెర, చేతుల్లో తోలు పట్టుకుని నిలబడి ముప్పై ఏళ్ళ తర్వాత ఆ సినిమా చూసింది. గిన్నెమూత వచ్చింది, దారం కనపడింది, జనం విరగబడి నవ్వారు. పక్కకి తిరిగి చూస్తే కళ్లజోడు నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. చెరువులోంచి మొసలి లేచింది. చేతులు చాచింది. టైలరమ్మకి అందులో మొసలి కనపడలేదు, పొడుగ్గా, కాస్త గూనిగా, చల్లనీళ్ళలో వణుకుతున్న తన మొగుడు కనపడ్డాడు. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. "జిప్పూ" అని హాలు దద్దరిల్లింది. ఆవిడ పళ్ళు బిగించింది.

లైట్లు వెలగగానే బావగారు సందులోకి వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. "వెనకనుంచి ఎక్కించుకోవడమే సుఖం, ముందుది అలాగే ఉంది" అని టైలరమ్మ కళ్లజోడుకి చెప్పింది. ఆయన ఇత్తడి జిప్పుని చేత్తో తడిమి చూసుకుని సంతోషపడ్డాడు. "ఇప్పటికి తెలివొచ్చిందని చెప్పు" అన్నాడు. లోపలికి దిగాడు. ఆవిడ వెనక జిప్పు మెడదాకా లాగేసింది.

మొసలిమనిషి స్టేజీ మీదికి నడవగానే జనం లేచి నిలబడ్డారు. అయిదు నిమిషాలు చప్పట్లు. తర్వాత ఎవరో మొదలెట్టారు, "జిప్పూ, జిప్పూ." మొసలి చెయ్యి ఠీవిగా రొమ్ము మీదికి వెళ్ళింది. లాగింది. రాలేదు. ఈసారి రెండు చేతుల్తో లాగింది. జనం పొట్టలు పట్టుకున్నారు. మొసలి వంగింది, మెలికలు తిరిగింది, మోకాళ్ళ మీద కూలబడింది, జిప్పు గుంజుతూ తల నేలకేసి కొట్టుకుంది. అంత గొప్ప నటన ఆ హాల్లో ఎవరూ చూడలేదు. నవ్వి నవ్వి కొందరు కుర్చీల్లోంచి జారిపోయారు. ఎవరో "ఒన్స్ మోర్" అన్నారు. టైలరమ్మ కడుపు చల్లబడింది. ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటిసారి నిజంగా చల్లబడింది.

అంతలో మొసలి బోర్లా పడింది. చేతులు వెనక్కి విరుచుకుని, అందని వీపుని వెతుక్కోవడం మొదలెట్టింది.

అంత గోలలోనూ ఆవిడకి ఊపిరి చప్పుడు వినపడింది. తోల్లో ఉండేది ఒక్క మనిషికి సరిపడే ఊపిరి. ఇప్పుడు ఇద్దరు లాక్కుంటున్నారు. ఒకటి నెమ్మదిగా, పిల్లికూతతో, ఆవిడకి ప్రాణమంత తెలిసింది. ఇంకోటి ఆత్రంగా, గుటకలు వేస్తూ. రెండూ చిక్కిపోతున్నాయి. ఆ వీపుని, ఆ వెనక్కి విరుచుకున్న చేతుల్ని ఆవిడ ఇంతకుముందు ఒకసారి చూసింది. ఏ పని చచ్చినా చెయ్యనని ముప్పై ఏళ్ళ కింద మొండికేసిందో ఆ పనే ఇప్పుడు తన చేతుల్తో కుట్టి తెచ్చింది. ఒక మనిషి ప్రాణం ఇంకొకరి చేతిలో పెట్టే జిప్పు.

పరిగెత్తింది. స్టేజీ ఎక్కి మొసలి వీపు మీద మోకాలు పెట్టి జిప్పు లాగింది. కంగారులో ఒక పొలుసు జిప్పు పళ్ళ మధ్య ఇరుక్కుంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. నడుముకి వేలాడే కత్తెర తీసింది. ఆ తోలుకి కత్తెర పెడితే ఊపిరి నిలవదని ఆవిడకి తెలుసు, చిన్న చిరుగు పడ్డా రాత్రికి రాత్రి అతికించుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ. ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆవిడ మొగుణ్ణి తలుచుకుని ఏడ్చింది, బావగార్ని తలుచుకుని పళ్ళు నూరింది. తర్వాత మెడనుంచి నడుందాకా కోసేసింది.

తోలు పెద్దగా ఒక్కసారి వదిలింది. ఆ ఊపిరి ఆవిడ మొహానికి వెచ్చగా తగిలింది, రబ్బరు వాసనతో. లోపల నీలంగా మారిన బావగారు నోరు తెరిచి దాన్ని మొత్తం ఒకేసారి పీల్చుకున్నాడు. ఛాతీ పొంగింది. మెల్లగా వదిలాడు. సన్నగా, చివర్లో ఒక పిల్లికూత.

హాలు అప్పటికి నిశ్శబ్దమైపోయింది. కళ్లజోడు మైకు తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టింది. బావగారు చెమటల్తో, చింపిరి జుట్టుతో, సగం మొసలిలో కూచుని, అలవాటైన నవ్వు తెచ్చుకుని "ఇదంతా నేను కావాలనే..." అన్నాడు. ఆ మాట దగ్గర ఊపిరి అందలేదు. దగ్గొచ్చింది. మళ్ళీ మొదలెట్టాడు. "కావాలనే..." మళ్ళీ అక్కడే ఆగిపోయింది. మూడోసారి కూడా. ఆ ఊపిరి ఆ మాటకి పలకదని అప్పటికి ఆయనకే అర్థమైంది. తలదించుకున్నాడు.

"భయపెడదామనే తీశాను," అన్నాడు. ఈ మాట మాత్రం సాఫీగా వచ్చింది. "నిజంగా. మీరంతా భయపడతారనుకున్నాను. మా తమ్ముడు లోపలున్నాడు. వాణ్ణి అందులో పెట్టి భోజనానికి వెళ్ళిపోయాను. అందుకని మా మరదలు జిప్పు ముందు కుట్టింది. దాని మీద కప్పిన పట్టీ ఊడిపోయింది. మళ్ళీ తియ్యడానికి ఫిల్ము లేదు."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకాయన చప్పట్లు కొట్టబోయి ఎవరూ కలవకపోయేసరికి మానేశాడు. కళ్లజోడు స్టేజీ మీద కూచుని మోకాళ్ళలో తల పెట్టుకుంది.

కోసిన తోలుని టైలరమ్మ ఇంటికి తెచ్చి మళ్ళీ కొక్కేలకి తగిలించింది. సోమవారం షట్టరు ఎత్తి చెవి పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. కాంపౌండరు వచ్చి స్టెతస్కోపు పెట్టి అటూ ఇటూ విన్నాడు. "ఇందులో ఏం లేదమ్మా," అన్నాడు. "నిన్న హాలు మెట్ల దగ్గర మీ బావగారి వీపు మీద పెట్టి విన్నాను. అక్కడుంది. కుడివైపు కాస్త పట్టేసింది." చెప్పి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం కళ్లజోడు వచ్చి అద్దాలపెట్టె గురించి నసుగుతూ అడిగింది. "తీసుకెళ్ళమ్మా, ఇప్పుడది ఉత్త రబ్బరు" అంది టైలరమ్మ. రెండో భాగం ఆగిపోయిందని కూడా ఆ పిల్లే చెప్పింది. నిర్మాతల ముందు బావగారికి కావాలని అనే మాట దగ్గర దగ్గు తెరలు తెరలుగా వచ్చి, చివరికి ఆయనే లేచి వచ్చేశాడట.

మంగళవారం టైలరమ్మ మిషను ముందు కూచుంది గానీ కాలు ఆడలేదు. ఏ చప్పుడుకి తొక్కాలో తెలీడం లేదు. కుట్టిన కుట్టు వంకరగా పోతోంది. ఇన్నేళ్ళు తను కాపాడుకొచ్చిన ఊపిరి వెళ్ళి వెళ్ళి ఎవరి రొమ్ములో దూరింది. నిద్రలేదు, తిండి లేదు. ఆ మనిషి చచ్చిపోతే అదీ పోతుంది. బతికుంటే ఆ మొహం చూడాలి.

పదకొండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. అడుగుల కంటే ముందే పిల్లికూత వినపడింది. బావగారు. మఫ్లరు లేదు, నల్లద్దాలు లేవు. గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూశాడు, తన మాట అందివ్వడానికి ఎవరైనా ఉన్నారేమోనని. కొట్లో ఎవరూ లేరు. ఆయన వెళ్ళి, ఇస్త్రీబల్ల పక్కన, ఖాళీ కొక్కేల కింద ఉన్న స్టూలు మీద కూచున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు, ఏదో చెప్పబోతూ.

"బావగారూ," అంది టైలరమ్మ, ఇరవై రెండేళ్ళ తర్వాత, తల తిప్పకుండా. "మాట్లాడకండి. మీ మాట నాకక్కర్లేదు. ఊరికే ఊపిరి పీల్చుకుంటూ కూచోండి."

ఆయన నోరు మూసుకున్నాడు. పీల్చాడు, నెమ్మదిగా. వదిలాడు, సన్నగా, చివర్లో కూతతో. టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, వంకరపోయిన కుట్టు విప్పి, సూదిలో దారం ఎక్కించి, ఆ చప్పుడుకి మిషను తొక్కడం మొదలెట్టింది.